జౌగడ శిలయు, వెంకటాచలముగారి లెక్కయు

ప్రాచీన నాగరికతల కాలనిర్ణయమును తలక్రిందులు చేయజూచు సిద్ధాంతములను గూర్చి ముఖచిత్ర కథనము వ్రాయవలెననియు, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి చేతి కందవలెననియు సంపాదకులవారి యానతి. ఈజిప్టు చరిత్రనుండి ఐదాఱు శతాబ్దులను తొలగింపబూనిన వెలికోవ్‌స్కీతో ప్రారంభింపుమని వారి సలహా. ఆయన గ్రంథము 1952లో వెలువడగా, మఱుసటి యేటనే విజయవాడ పండితులు కోట వెంకటాచలముగారు భారతీయ కాలగణనలో కుట్ర జరిగినదని ఆంగ్లమున నొక పుస్తకము ప్రకటించి, మన చరిత్రకు పండ్రెండు శతాబ్దులు చేర్చిరి. మనవారి వాదమొకటి చేతిలో నుండగా ఈజిప్టుదాక పోవనేల? పైగా ఆ వాదమును పరీక్షించుటకు తగిన సాక్షి గంజాము జిల్లాలో పురుషోత్తమపురము చేరువ, ఋషికుల్యాతీరమున జౌగడలోనే యున్నది గనుక, బరంపురమునుండి ఆ త్రోవ పట్టితిని.

పూర్వకథ సంగ్రహముగా నిది. 1793లో కలకత్తాలో విలియం జోన్సు, గ్రీకులు పేర్కొన్న సాండ్రకోటస్సు మౌర్య చంద్రగుప్తుడేయని ప్రకటించెను. 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని చదివెను. సింహళమందలి టర్నౌరు, శాసనములలోని పియదసి అశోకుడేయని తేల్చెను. శాసనములలో దొరకిన గ్రీకురాజుల పేళ్లనుబట్టి అశోకుని కాలము క్రీ.పూ. 3వ శతాబ్దమని స్థిరపడెను. మన పాఠ్యపుస్తకములన్నియు ఆ యొక్క మేకునకే వ్రేలాడుచున్నవి.

ఆ మేకును పెఱికివేయుటయే వెంకటాచలముగారి దీక్ష. అలెగ్జాండరు నాటి చంద్రగుప్తుడు గుప్తవంశీయుడే కాని మౌర్యుడు కాడని వారి మతము. భారతయుద్ధము క్రీ.పూ. 3138లో జరిగినదని పెట్టుకొని, బార్హద్రథులకు 1006, ప్రద్యోతులకు 138, శిశునాగులకు 360, నందులకు 100, మౌర్యులకు 316, శుంగులకు 300, కాణ్వులకు 85, ఆంధ్రులకు 506 సంవత్సరములు వరుసగా తీసివేయుచు వచ్చినచో గుప్తుల యారంభమునకు సరిగా 327 మిగులును. అలెగ్జాండరు సింధుప్రాంతమున నడుగిడినదియు ఆ నాళ్లలోనే. ఈ గణనమున అశోకుడు క్రీ.పూ. 1472లో సింహాసన మెక్కినవాడగును. కాగితముపై ఈ తీసివేతలు నేనును చేసి చూచితిని. ఒక్క యేడాదియైనను తేడా రాలేదు.

అంత చక్కగా కుదురుటయే నాకు సంశయకారణమైనది. వాయుమత్స్యాది పురాణముల ప్రసిద్ధపాఠములు మౌర్యులకు 137, శుంగులకు 112, కాణ్వులకు 45 సంవత్సరములే యిచ్చుచుండగా, ఈ మూడు వంశములలోనే 407 సంవత్సరములు పెరిగినవి. పెంచిన యంకెలకు ఆధారము 'కలియుగ రాజవృత్తాంత'మను గ్రంథము. అది యాధునికుల కల్పనయని ఆర్.సి. మజుందారు వంటి చరిత్రకారు లనుమానించిరి. మఱియు అవంతి నేలిన ప్రద్యోతుడు శిశునాగులలో లెక్కింపబడు మగధరాజైన బింబిసారునకు సమకాలికుడని బౌద్ధవాఙ్మయము చెప్పుచున్నది. ప్రక్కప్రక్కన పాలించినవారిని ఒకరి వెనుక నొకరిగా నిలిపి కూడినచో కాలము పెరుగక యేమి చేయును? ఇట్లనినంత మాత్రమున వెంకటాచలముగారిపై నాకు గౌరవము లేదని కాదు. జోన్సు ప్రభృతులు బైబిలు సృష్టికాలమును మనసున నుంచుకొని మన యుగములను కుదింపజూచిరన్న వారి కోపమునకు కారణము లేకపోలేదు.

ఇక జౌగడలోని అశోకుని శాసనశిల. చుట్టును మట్టికోట ఆనవాళ్లు. ఇది లక్కతో గట్టిన కోటయని స్థానికుల కథ, పాండవుల ప్రసక్తియు ఆ ప్రాంతమున వినబడును. 1850లో వాల్టరు ఎలియటు ఈ శాసనమునకు ప్రతి యెత్తించెను. మూడు పలకలుగా చెక్కిన వ్రాతలో మొదటి పలక సగమువఱకు పెళ్లలూడి పోయినది. రెండవదానిలోను చాల భాగము నశించెను. అశోకుని శిలాశాసనముల వరుసలో రెండవది మొదటి పలకలోనిదే. మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పఱచుట, ఓషధులను నాటించుట, బాటల వెంబడి బావులు త్రవ్వించుట అందలి విషయములు. ఈ యేర్పాట్లు చోళ పాండ్య దేశములందే కాక, అంతియోకుడను యవనరాజు సీమయందును, అతని పొరుగురాజుల సీమలందును జరిగినవని అశోకుడు చెప్పుకొనెను. శిథిలమైన యక్షరములను గిర్నారు, కాల్సీ మొదలగు చోట్ల నున్న ప్రతులు పూరించుచున్నవి.

అంతియోకుని పొరుగువారి పేళ్లు పదుమూడవ శాసనమున నున్నవి: తురమయుడు, అంతికిని, మకుడు, అలికసుందరుడు. ఈజిప్టు టాలెమీ, మాసిడోనియా ఆంటిగోనసు, సైరీను మాగసు తోడను, ఎపైరసో కొరింథో యేలిన అలెగ్జాండరు తోడను వీరిని పోల్చిరి. ఒక పేరు పొరపాటున కలియవచ్చును. అంతియోకునితో కలిపి ఐదు పేళ్లును ఒకే తరమునకు చెందిన ఐదుగురు రాజులతో కలియుట కాకతాళీయమనుటకు నాకు నోరు రాదు. అయితే ఆ పదుమూడవ శాసనము జౌగడలో లేదు! కళింగమందలి మఱొక శాసనస్థలమైన ధౌళిలోను లేదు. కళింగ యుద్ధమున లక్షమంది హతులైరని రాజు పశ్చాత్తప్తుడై చెప్పినది అందులోనే. ఆ మాట కళింగులకు వినిపించుట ఉచితము కాదని తలచెనేమో, పదునొకటి మొదలు పదుమూడువఱకు విడిచి, వేఱు రెండు శాసనములు చెక్కించెను. అవి సమాప, అనగా నాటి జౌగడ యందలి మహామాత్రులను ఉద్దేశించినవి: జనులెల్లరు నాకు బిడ్డలు, నిష్కారణముగా నెవ్వరిని బంధింపకుడు, సరిహద్దువాసులు నన్ను జూచి భయపడకుందురు గాక అని వాని సారము. తిష్యానక్షత్రమునాడు వీనిని చదివి వినిపింపవలెనని కట్టడి గూడ నున్నది. దేవాలయ శాసనములలో ఎన్నియో ఆజ్ఞలు చదివితిని గాని, న్యాయాధికారులను రాజే యిట్లు మందలించిన వ్రాత అరుదు.

అంతియోకునికి వెంకటాచలముగారి సమాధానమేమి? యవనులు గ్రీకులు కారు, వాయవ్యమున నివసించిన భారత క్షత్రియులేయని. 1953లో ఈ వాదమును నెగ్గించుకొనుటకు కొంత చోటుండెను. ఐదేండ్లకే, 1958లో, కాందహారమున అశోకుని శాసన మొకటి గ్రీకు, అరమాయికు భాషలలో బయటపడినది. గ్రీకులు వాడిన యా యక్షరమాల క్రీ.పూ. 8వ శతాబ్దమునకు కొంచెము ముందుగాని పుట్టినది కాదు, క్రీ.పూ. 1472నాటి రాజు దానిలో నెట్లు వ్రాయించును?

గంజాములోనే మఱొక కాలవివాదము

కళింగము నేలిన ప్రాచ్యగాంగుల తామ్రశాసనములపై వేసిన సంవత్సరము ఏ యేటినుండి లెక్కింపవలెనో చిరకాలము తేలలేదు. ఒకరు క్రీ.శ. 4వ శతాబ్ది యనిరి, మఱొకరు 8వ శతాబ్ది యనిరి. నాటి గంజాము జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ముఖలింగ శాసనములను తమంత తాము చదువ నేర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పరిశోధనకు తొలినాళ్లలోనే పూనుకొనిరి. వ్యావహారికమునకై పోరాడిన వారిని గ్రాంథికమున స్మరించుట నా సాహసము. గ్రహణకాలమున నిచ్చిన దానముల తిథులను జ్యోతిర్గణితముతో సరిచూచియు, గాంగరాజు వజ్రహస్తుని పట్టాభిషేకము శకము 960, అనగా 1038లో జరిగినదన్న శాసనము నూతగొనియు విద్వాంసులు కొలిచిరి. రాజమహేంద్రవరపు ఆర్. సుబ్బారావుగారు 494 అనిరి, మిరాశీ 498 అనెను. నాలుగు శతాబ్దుల వ్యత్యాసము నాలుగేండ్లకు దిగినది; ఆ నాలుగేండ్లకై వారు వ్రాసిన వ్యాసములు మాత్రము నేటికిని చదివించును.