నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీకి ఏమేం కనిపిస్తాయి?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు మాట వినపడే వీధులున్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలవి. అక్కడ సాంచె నడిపే ఒకాయన రాత్రి డ్యూటీ మధ్యలో ఫోన్ తీసి ఊరికి రైలు టికెట్ చూశాడనుకుందాం. ఆ తర్వాత పిల్లవాడి జ్వరం గురించి, చిన్న అప్పు గురించి వెతికాడనుకుందాం. గూగుల్, ఫేస్‌బుక్‌లకు ఎక్కువగా తమ సైటులోనో, యాప్‌లోనో, తమ కోడ్ ఉన్న సైటులోనో చేసినదే తెలుస్తుంది. నెట్ కంపెనీ సంగతి వేరు. ఎక్కడికి వెళ్లాలన్నా దాని తీగలోంచే వెళ్లాలి. ప్రకటనల వ్యాపారుల కన్ను దాని మీద పడింది అందుకే.

బ్రిటన్‌లో బీటీ సంస్థ 2006, 2007లలో ఫోర్మ్ అనే కంపెనీ సాంకేతికతను వేలాది చందాదారుల మీద, వాళ్లకు చెప్పకుండానే ప్రయోగించి చూసింది. వెబ్ పేజీ ఫోన్‌కో కంప్యూటర్‌కో చేరేలోపు మధ్యలో ఉన్న యంత్రం అందులోని మాటలు చదువుతుంది. ఈ మనిషికి ప్రయాణాల మీద ఆసక్తి, ఆ మనిషికి కార్ల మీద ఆసక్తి అని వర్గాలు కడుతుంది. ప్రకటనలు ఆ వర్గాన్ని బట్టి వస్తాయి. 2008లో సంగతి బయటపడి గొడవైంది, మరుసటి ఏడాది బీటీ ఆ పథకాన్ని పక్కన పెట్టింది.

అమెరికాలో వెరిజాన్ చేసిన పని నాకు ఇంకా దారుణంగా తోస్తుంది. ఫోన్ నుంచి ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్లే ప్రతి అభ్యర్థనకూ అది ఒక గుర్తింపు సంఖ్య తగిలించింది. సైట్లు ఫోన్‌లో పెట్టే కుకీలు తుడిచేసినా ఆ సంఖ్య పోదు. అది ఫోన్‌లో ఉండదు, దారిలో అతుక్కుంటుంది. 2016లో అక్కడి నియంత్రణ సంస్థ 13.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

మన దేశంలోనూ 2015 జూన్‌లో ఎయిర్‌టెల్ 3జీలో తెరిచిన పేజీల్లోకి బయటి కోడ్ చొరబడుతోందని బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు బయటపెట్టారు. డేటా వాడకం చూపడానికే అని కంపెనీ వివరణ ఇచ్చింది. ప్రకటన అయినా, లెక్క అయినా చొప్పించే పద్ధతి ఒకటే.

ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడుతున్నాయి. పేజీలోని మాటలు కంపెనీ చదవలేదు, మార్చలేదు. అయినా సూరత్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చీరల మూట విప్పకుండానే చిరునామా చదివినట్టు, సైటు పేరు దానికి కనపడుతూనే ఉంటుంది. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ ప్రశ్న మామూలుగా కంపెనీ సర్వర్‌కే, ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. ఆస్పత్రి సైటు, అప్పుల సైటు, రైలు టికెట్ల సైటు: మనిషి పరిస్థితి ఊహించడానికి ఈ మూడు పేర్లు చాలు.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఉంది. అది పెట్టుకుంటే ఆ ప్రశ్న గుప్తంగా వెళ్తుంది. కానీ సైటుతో కనెక్షన్ మొదలయ్యేటప్పుడు పేరు చాలాసార్లు బయటపడుతుంది కాబట్టి రక్షణ సగమే. మిగతా సగం చట్టం చేయాలి. వ్యక్తిగత సమాచారం వాడాలంటే సాధారణంగా స్పష్టమైన సమ్మతి కావాలని మన దేశపు 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ సమ్మతిని లింబాయత్ కార్మికుడికి అతని భాషలో, కనెక్షన్ ఇచ్చే రోజే అడగాలి. వద్దన్నా కనెక్షన్ ఇవ్వాలి.