విద్యుత్ప్రవాహపు పాత కొలమానములు: మార్పిడి లెక్కలలోని భేదము

పాత భౌతికశాస్త్ర గ్రంథములను పరిశీలించు విద్యార్థులకును, పారిభాషిక పదకోశములు కూర్చువారికిని విద్యుత్ప్రవాహపు కొలమానములు తరచు చిక్కు కలిగించుచుండును. ఆంపియరు, అబాంపియరు, స్టాటాంపియరు, అంతర్జాతీయ ఆంపియరు అను పేర్లు కలగాపులగముగా కనబడును. వీనిని వరుసగా వ్రాసి ప్రక్కన గుణకములు వేసినచో పని ముగిసినదని పలువురి తలంపు. ఆ గుణకములన్నియు ఒక జాతివి కావని చూపుటయే మా ఉద్దేశము.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలెను. ఆదోని, ఎమ్మిగనూరులలోనే కాదు, తెలుగునాట అంతటను 'ఈ నెల నూరు యూనిట్ల కరెంటు కాలినది' అందురు. ఆ యూనిట్టు కిలోవాట్ గంట. అది శక్తికి కొలత గాని ప్రవాహమునకు కాదు. ప్రవాహపు కొలత విద్యుత్సామగ్రి అంగడిలో 'పదునైదు ఆంపియర్ల ప్లగ్గు' అను మాటలో వినబడును. పదకోశకారుడు ఈ రెంటిని కలుపరాదు.

గుణకముల భేదమునకు ఈ రెండూళ్ల వ్యాపారమే మంచి నిదర్శనము. ఆదోని ప్రత్తికి పేరుపడిన బజారు. ప్రత్తి వర్తకములో గింజ తీసిన దూదిని క్యాండీలలో లెక్కింతురు. క్యాండీ యనగా 784 పౌనులు, లేదా 355.6 కిలోగ్రాములు. ఇది కేవలము నిర్ణయమును బట్టి వచ్చిన సంఖ్య. గింజతో కూడిన ప్రత్తి ఇన్ని క్వింటాళ్లున్నది, ఎన్ని క్యాండీల దూది యగును అని అడిగినచో ఏ పట్టికయు చెప్పజాలదు. జిన్నింగు మిల్లులో ఆడించి చూడవలసినదే.

1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరొందిన ఎమ్మిగనూరులో మరియొక తీరు. నేతపనిలో నూలు సన్నదనమును నంబరుతో చెప్పుదురు. ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యుండునో అదియే నంబరు. టెక్స్ పద్ధతిలో వేయి మీటర్ల నూలు బరువును గ్రాములలో చెప్పుదురు. 590.5ను నంబరుతో భాగించినచో టెక్స్ వచ్చును. 40వ నంబరు నూలు 14.76 టెక్స్, 80వ నంబరు 7.38. ఇచట అడుగు ప్రశ్నయే తలక్రిందైనది.

ఇక విద్యుత్తు సంగతి. సెంటీమీటరు ఎడముతో సమాంతరముగా సాగు రెండు పొడవైన తీగల నడుమ, సెంటీమీటరు పొడవునకు 2 డైనుల బలము కలిగించు ప్రవాహము అబాంపియరు. 1881 నాటి పారిస్ సభలో స్వీకరించిన ఆంపియరు దీనిలో పదియవ వంతు. ఇది క్యాండీ వంటి లెక్క.

అంతర్జాతీయ ఆంపియరు అట్టిది కాదు. 1893లో చికాగో సభయు, 1908లో లండన్ సభయు దీనిని వెండితో నిర్ణయించినవి: సిల్వర్ నైట్రేట్ ద్రావణము నుండి సెకనుకు 0.001118 గ్రాము వెండిని పేర్చు ప్రవాహము. ఈ లెక్కన ఒక తులము వెండి పేరుటకు సుమారు 2 గంటల 54 నిమిషములు పట్టును. 1948 జనవరి 1 నుండి ఈ నిర్ణయమును విడిచిరి. అప్పుడు అంగీకరించిన విలువ 0.99985 ఆంపియరు, ప్రయోగశాలలలో నిలిపిన ఓము, వోల్టుల ప్రమాణములను కొలిచి తేల్చినది, అనగా మిల్లులో ఆడించి చూచినది. లక్షకు 15 పాళ్ల ఈ తేడా ఇంటి తీగలకు లెక్కలోనిది కాదు; సూక్ష్మపరిశోధనల పాత పట్టికలను చదువునపుడు మాత్రము విడువరానిది.

స్టాటాంపియరు కథ వేరు. తీగల నడుమ బలముతో గాక, నిశ్చలావేశముల నడుమ వికర్షణతో ఆరంభించి కట్టిన కొలత ఇది. ఒక ఆంపియరునకు సుమారు 299.8 కోట్ల స్టాటాంపియర్లు. అబాంపియరునకు దీనికి పది రెట్లు. ఆ సంఖ్య సెకనుకు సెంటీమీటర్లలో చెప్పిన కాంతివేగమే. 1856లో వెబర్, కోల్‌రౌష్ ఈ నిష్పత్తిని ప్రయోగముతో కొలిచిరి. కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ నిశ్చయించుటకు అది ముఖ్యాధారమైనది. ఇంతటి సంఖ్యను వట్టి గుణకముగా పట్టికలో ఒక మూలకు త్రోయుట మాకు అన్యాయముగా తోచును.

2019 మే 20 నుండి ఆంపియరు తీగల బలముపై గాక, ఎలక్ట్రాను ఆవేశమునకిచ్చిన స్థిరమైన విలువపై ఆధారపడియున్నది. దానితో అబాంపియరునకు పది ఆంపియర్లు అను లెక్క కూడ నిర్ణయమును వీడి కొలతలోనికి జారినది. తేడా వందకోట్లలో ఒక పాలైనను మించదు.