బెజవాడ దాకా ఆగలేని గుండె

దివిసీమలో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లో ముందు వినిపించే మాట ‘గ్యాస్ అయ్యుంటుంది’. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు. తగ్గకపోతే కారు మాట్లాడుకుని నేరుగా బెజవాడ బయల్దేరతారు. అవనిగడ్డ నుంచి విజయవాడ 60 కిలోమీటర్ల పైమాటే. నాగాయలంక, కోడూరు వాళ్లకు దారి ఇంకా ఎక్కువ. నిజంగా గుండెపోటే అయితే, కారులో గడిచిపోయే ఆ సమయమే వైద్యం బాగా పనిచేసే సమయం.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ పూడిక పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఈ ధమనులు గుండె వెలుపలి తలం మీద సాగుతూ కొమ్మలుగా లోపలికి దిగుతాయి. అందుకే లోపలి పొరకు రక్తం అన్నిటికన్నా చివర చేరుతుంది. కాలువకు అడ్డుపడితే శివారు పొలాలు ముందు ఎండినట్టు, ఆ పొరే ముందు చనిపోతుంది. గంటలు గడిచేకొద్దీ నష్టం బయటి పొరలకు పాకుతుంది. పోయిన కండరం తిరిగి రాదు.

రోగి ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. అందులో ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంటే, పెద్ద ధమని ఒకటి మూసుకుపోయి ఉండవచ్చని గుర్తు. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యం మొదలుపెడతారు. ఆస్పిరిన్ నమిలించి, క్లోపిడోగ్రెల్, హెపారిన్ ఇస్తారు. 2 గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌లో బెలూన్‌తో ధమని తెరిచి స్టెంట్ వేయగలిగితే అదే మేలైన మార్గం. అంత త్వరగా కుదరదనుకుంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉన్నచోటే చేయాలి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇది పనికొస్తుంది. ఎంత ముందైతే అంత ఫలితం. మెదడులో ఎప్పుడైనా రక్తస్రావమైనవారికి, ఇటీవల పక్షవాతం వచ్చినవారికి మాత్రం ఇవ్వరు. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

గడ్డను కరిగించే మందు విలువ 1988లో ‘ఐసిస్-2’ అధ్యయనం తేల్చింది. 17,187 మందిని పరిశీలిస్తే, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ గానీ, ఆస్పిరిన్ గానీ అందనివారిలో అయిదు వారాల్లో 13.2 శాతం మంది గుండె, రక్తనాళ కారణాలతో చనిపోయారు. రెండూ అందినవారిలో 8 శాతమే. స్ట్రెప్టోకైనేజ్‌ను అరగంట నుంచి గంటసేపు ఎక్కించాలి. తర్వాత వచ్చిన టెనెక్టిప్లేస్‌ను రోగి బరువును బట్టి ఒకేసారి, కొన్ని సెకన్లలో ఇచ్చేయొచ్చు. ఖరీదైన ఈ మందును ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ 2023లో మొదలుపెట్టింది. ఈ పథకంలో చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె వైద్యులు చూసి సలహా చెబుతారు. డెల్టా పల్లెలకు కావలసింది సరిగ్గా ఇదే.

ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందని ఇంటికి తీసుకెళ్లిపోకూడదు. తొలి 24 నుంచి 48 గంటలు గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. జఠరికలు కొట్టుకోవడం మాని వణికిపోతే, వెంటనే కరెంటు షాక్ ఇస్తేనే మనిషి దక్కుతాడు. ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. మానిటర్, నర్సు కళ్లెదుట ఉండే గుండె విభాగంలో పడుకోబెట్టేది ఇందుకే. గంటన్నరలోపు ఈసీజీ సగమైనా కుదుటపడకపోతే ఆలస్యం చేయకుండా క్యాథ్‌ల్యాబ్‌కు పంపాలి. కుదుటపడినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ అవసరం. బెజవాడ ప్రయాణం అప్పుడు, అంబులెన్సులో, కరెంటు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ తోడుగా సాగాలి.

షుగరు ఉన్నవారికి, పెద్దవయసు ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, వాంతులే రావచ్చు. అలాంటప్పుడు గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి. మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట కూడా ఈసీజీ తీసే ఆసుపత్రి ఏదో, అక్కడ ఈ ఇంజెక్షన్ ఉందో లేదో ఈ వారమే వెళ్లి కనుక్కోండి. లేకపోతే ఎందుకు లేదని ఊరంతా కలిసి అడగండి.