'ఎస్' నొక్కేశారా? ఇక కంట్రోల్ జెడ్ కూడా కాపాడదు!

ఎక్సెల్‌లో మాక్రోలు రాసేవాళ్లు మొదట నేర్చుకునేది మెసేజ్ బాక్సే. ఒక్క లైను రాస్తే చాలు, స్క్రీన్ మధ్యలో చిన్న డబ్బా వచ్చేస్తుంది. కానీ దానికీ కొన్ని హద్దులున్నాయి. అవి పట్టించుకోకపోతే ఇబ్బంది పడేది రాసినవాళ్లు కాదు, ఆ ఫైలుతో రోజూ పనిచేసే అకౌంట్స్ మేడమ్, స్టోర్స్ అన్న!

ఎంటర్ కొడితే అంతే: 'పాత డేటా తీసేయాలా?' అని ఎస్/నో బటన్లు పెడతాం. మనం ఏమీ చెప్పకపోతే మొదటి బటన్ 'ఎస్' సెలెక్ట్ అయి ఉంటుంది. పని హడావుడిలో ఎంటర్ తగిలిందా, డేటా గోవిందా. మాక్రో మార్చినదాన్ని కంట్రోల్ జెడ్ వెనక్కి తేలేదు. అందుకే కోడ్‌లో 'విబి డిఫాల్ట్ బటన్ 2' కలపండి. అప్పుడు ఎంటర్ కొట్టినా 'నో' అవుతుంది. బటన్ పేర్లే మార్చాలంటే మాత్రం యూజర్‌ఫామ్ చేసుకోవాల్సిందే.

పెద్ద లిస్టు పట్టదు: మెసేజ్ సుమారు 1024 అక్షరాలు దాటితే మిగతాది చెప్పాపెట్టకుండా కత్తిరించేస్తుంది. తేడా వచ్చిన బిల్లులన్నీ అందులో చూపిస్తే, సగమే చూసి 'ఇంతేలే' అనుకుంటారు. లిస్టును కొత్త షీట్‌లో రాయించి, డబ్బాలో ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పండి.

క్యాన్సిలా, ఖాళీయా?: మామూలు ఇన్‌పుట్ బాక్స్‌లో క్యాన్సిల్ నొక్కినా, ఏమీ రాయకుండా ఓకే కొట్టినా ఖాళీయే వస్తుంది. దాని బదులు 'అప్లికేషన్ డాట్ ఇన్‌పుట్‌బాక్స్' వాడితే క్యాన్సిల్‌కి 'ఫాల్స్' వస్తుంది. టైప్ 1 ఇస్తే అంకెలు తప్ప ఇంకేమీ ఒప్పుకోదు.

తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలు: ఇది మనకు మరీ బాధ. మెసేజ్ బాక్స్ యూనికోడ్‌కి ముందుతరం కోడ్ పేజీల మీద నడుస్తుంది. విండోస్‌లో తెలుగుకి అలాంటి కోడ్ పేజీ లేనే లేదు. అందుకే అక్షరాల బదులు '????' కనిపిస్తాయి. దీనికీ దారి ఉంది. తెలుగు వాక్యాన్ని ఒక సెల్‌లో రాసిపెట్టండి. విండోస్‌లోనే ఉండే 'మెసేజ్‌బాక్స్ డబ్ల్యూ' ఫంక్షన్‌ను డిక్లేర్ చేసి, ఆ వాక్యాన్ని 'స్ట్రింగ్ పాయింటర్' ద్వారా దానికి అందించండి. చక్కగా తెలుగులోనే అడుగుతుంది.

ఇంగ్లిష్ ప్రశ్న అర్థంకాక 'ఎస్' నొక్కేవాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. ఈరోజే మీ మాక్రోలో 'డిలీట్', 'క్లియర్' ఎక్కడున్నాయో వెతకండి. ముందుగా మార్చాల్సినవి వాటి పక్కనున్న డబ్బాలే.