ఛాయాచిత్రమునకు సెలీనియము స్నానము

పండుగకు ముందు పెట్టె తెరచి వెండి కంచమును, పన్నీరుబుడ్డిని బయటకు తీసినప్పుడు అవి నల్లబడి యుండుట ప్రతి గృహిణికిని తెలిసిన సంగతియే. కొంచెము విభూతితో తోమినచో ఆ నలుపు పోవును. గోడకు వ్రేలాడుచున్న తాతగారి నలుపు తెలుపుల ఫొటో కూడ వెండితో చేసినదే యని మాత్రము సాధారణముగా ఎవరికిని తోచదు. వెండికి గల వ్యాధులన్నియు దానికిని కలవు. కాని దానిని తోముటకు వీలు లేదు. చెడిన వెండిని తోమి తీసివేసినచో తాతగారే పోవుదురు. కనుక ఛాయాచిత్రము విషయమున వ్యాధి వచ్చిన పిమ్మట చికిత్స చేయుటకంటె రాకుండ కాపాడుటయే ముఖ్యము. చీకటిగదిలో ఫొటోలు అచ్చు తీయువారు అందుకై అవలంబించు పద్ధతులలో సెలీనియము టోనింగు ఒకటి. ఇది ఎంతవరకు రక్ష యిచ్చును, ఎక్కడ ఇయ్యదు అను విషయము తెలిసికొనదగినది.

మొదట చిత్రముయొక్క నిర్మాణము చూతము. అడుగున కాగితము. దానిపై బేరియము సల్ఫేటుతో వేసిన తెల్లని పూత. ఆ పూతపై జిలాటిను పొర. ఆ జిలాటినులో చిక్కుకొని యున్న అతిసూక్ష్మమైన వెండి రేణువులే మనకు బొమ్మగా కనబడునవి. నల్లని కోటుండు చోట రేణువులు దట్టముగా నుండును. నుదుటిమీద, చెక్కిలిమీద, తెల్లచీర మడతలలో బహు పలుచగా నుండును. ఒక మనిషిని గుర్తుపట్టుటకు తోడ్పడునవి కోటు నలుపులు కావు, ముఖమందలి ఈ లేత నీడలే. అనగా చిత్రమునందు మిక్కిలి విలువైన భాగమును మిక్కిలి కొద్దిపాటి వెండి మోయుచున్నది. రానున్న చర్చకంతకును ఇదియే మూలము.

ఈ వెండికి శత్రువులు రెండు విధములు. మొదటిది లోపల నుండునది. కాంతి తగులక మిగిలిపోయిన వెండి లవణములను కరిగించి తీసివేయుటకు హైపో అను లవణమును వాడుదురు. ఈ లవణమునకు అట్టి గుణము కలదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను. పని ముగిసిన పిదప హైపోను నీటితో బాగుగా కడిగివేయవలెను. కడుగుటలో లోపము జరిగినచో కాగితమున నిలిచిన హైపో విచ్ఛిన్నమై, అందలి గంధకము వెండిని పట్టి, కొన్ని యేండ్లకు బొమ్మ పసుపుబారి వెలిసిపోవును. ఇది క్రొత్త బెంగ కాదు. ఛాయాచిత్రకళ పుట్టి ఇరువది యేండ్లైనను నిండకమునుపే, 1855లో, లండనులోని ఫొటోగ్రాఫిక్ సొసైటీ బొమ్మలు వెలిసిపోవుటకు గల కారణములను విచారించుటకై ఒక సంఘమును నియమించెను. హైపోను జాగ్రత్తగా కడుగవలెననియు, బొమ్మలను పొడిగా నుంచవలెననియు ఆ సంఘము చెప్పెను. తయారీలో ఏదో యొక రూపమున బంగారమును వాడుట మంచిదని సభ్యులలో అధికసంఖ్యాకులు అభిప్రాయపడిరి.

రెండవ శత్రువు గాలిలో నుండును. గంధకముతో కూడిన వాయువులు, ఓజోను, పెరాక్సైడు ఆవిరులు జిలాటిను పొరలోనికి దూరి వెండిని ఆక్సీకరించును. అట్లు ఆక్సీకరింపబడిన వెండి తానున్న చోట నిలువక, తేమ సాయముతో ప్రక్కకు జరిగి, మరియొకచోట మరల వెండిగా తేలును. పాతబొమ్మల నల్లని భాగములను ఏటవాలుగా వెలుతురులో పట్టి చూచినప్పుడు అద్దమువలె నీలముగా మెరయు పొర అట్టిదే. పెండ్లికి ముందు తలుపులకు, కిటికీలకు చమురురంగులు వేయించుట మనకు వాడుక. ఆరుచున్న చమురురంగు పెరాక్సైడులను వెలువరించును. ఆ సమయమున పెద్దల పటములను ఆ గదిలోనే గోడకు వదలివేయుట అంత మంచిది కాదు. కోస్తాజిల్లాల ఉక్కయు తేమయు ఈ చర్యను ఇంకను త్వరితపరచును.

ఇక రక్షణోపాయము. వెండిని వెండిగానే దాచుట కష్టము గనుక, దానిని గాలికి లొంగని వేరొక పదార్థముగా మార్చివేయుటయే టోనింగునందలి కిటుకు. బంగారముతో మార్చుట పూర్వపు పద్ధతి. సికింద్రాబాదులో స్టూడియో నడపిన రాజా దీన్ దయాళ్ (1844-1905) నాటి ఆల్బుమిను చిత్రములకు బంగారు టోనింగు సర్వసాధారణము. గంధకముతో మార్చుట రెండవది. సెపియా యనబడు గోధుమవన్నె బొమ్మలు అట్టివి. ఇందొక వింత గలదు. దొంగతనముగా, కొంచెము కొంచెముగా చేరినప్పుడు బొమ్మను చెరుచు గంధకమే, మనము కోరి పూర్తిగా పట్టించినప్పుడు బొమ్మకు కావలి కాయును. మూడవది సెలీనియము. గంధకమునకు ఇది దగ్గరి చుట్టము.

సెలీనియమును 1817లో స్వీడను దేశపు రసాయనవేత్త బెర్జీలియసు కనుగొనెను. అంతకుముందే బయటపడిన టెల్లూరియమునకు భూమి పేరు పెట్టియుండిరి. దానిని పోలిన ఈ క్రొత్త మూలకమునకు ఆయన గ్రీకుల చంద్రదేవత పేరు పెట్టెను. పాశ్చాత్య రసవాదులు వెండిని కూడ చంద్రుని గుర్తుతోనే వ్రాసెడివారు. చీకటిగదిలో ఈ రెండు చంద్రులకు జరుగు సంధియే మన విషయము. రేడియో గల యిండ్లవారికి సెలీనియము అపరిచితమేమియు కాదు. 1950 ప్రాంతముల రేడియోలలో పెక్కింటియందు రెక్కలు రెక్కలుగా పేర్చిన రెక్టిఫయరు ఒకటి యుండెడిది. అది కాలినప్పుడు వచ్చు దుర్గంధమును ఒకసారి పీల్చినవారు మరువజాలరు. ఆ వాసన సెలీనియముదే.

టోనింగు చేయు విధము చూచుటకు సులభము. సెలీనియము లవణము, హైపోజాతి లవణము, సల్ఫైటు కలసిన గాఢద్రావణము సీసాలలో అమ్ముదురు. కొన్ని సంస్థలు ఇప్పటికిని దానిని తయారుచేయుచున్నవి. ఒక పాలు ద్రావణమునకు మూడు పాళ్ళు మొదలు ఇరువది పాళ్ళవరకు నీరు కలిపి పళ్ళెములో పోసి, తడిసిన బొమ్మను అందు ముంచి, పళ్ళెమును మెల్లగా ఊపుచుండవలెను. కొన్ని నిమిషములలో వెండి సెలీనైడుగా మారనారంభించును. సెపియా పద్ధతిలోవలె ముందుగా బొమ్మను వెలిసిపోవునట్లు చేయు పని యిక్కడ లేదు. బొమ్మ కళ్ళయెదుటనే యుండును. దాని వన్నె మాత్రము తిరుగుచుండును. ఒక పోలికకై టోను చేయని తడిబొమ్మను ప్రక్కన పెట్టుకొననిచో ఆ మార్పు కంటికి ఆనదు.

వన్నె అన్ని కాగితములపైన ఒకేతీరున రాదు. క్లోరైడు ఎక్కువగా నుండు వెచ్చనివన్నె కాగితములపై నలుపు క్రమముగా వంకాయ చాయగల గోధుమకు తిరుగును. కేవల బ్రోమైడు కాగితముపై రంగు మార్పు కొద్దిగానే యుండి, నలుపునకు లోతు పెరుగును. అమెరికా పర్వతసీమల చిత్రములకు ప్రసిద్ధికెక్కిన ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) కొన్ని కాగితములకు సహజముగా నుండు ఆకుపచ్చని జీరను సహింపక, దానిని పోగొట్టుటకు సెలీనియమును నియమముగా వాడెను. ఆయన కోరినది కంటికి తెలియీ తెలియనంత మార్పు. పెక్కుమంది ఆ దారినే నడచిరి. పలుచని ద్రావణములో రెండు మూడు నిమిషములు ముంచి, నలుపులు కొంచెము నిగారించగానే తీసివేసి, బొమ్మ ఇక చిరంజీవి యని తలంచుట వాడుకయైనది.

ఆ తలంపు సరియైనది కాదు. సెలీనియము మొదట ముదురు భాగములను పట్టి, తరువాత మెల్లగా లేతభాగములవైపు సాగును. నలుపులు నిగారించిన క్షణమున స్నానము ఆపివేసినచో, కోటు సెలీనైడుగా మారియుండును గాని ముఖము ఇంకను ఉత్త వెండిగానే మిగిలియుండును. దీనిని చీకటిగది గలవారెవరైనను చూడవచ్చును. అట్లు టోను చేసిన బొమ్మనుండి ఒక ముక్కను కత్తిరించి, సెపియాకు వాడు ఫెర్రిసయనైడు, బ్రోమైడు కలసిన ద్రావణములో వేయవలెను. ఆ ద్రావణము వెండిని మాయము చేయును గాని సెలీనైడును ముట్టదు. నిమిషములు గడచుకొలది ఆ ముక్కపై జుట్టు, కోటు, కనుబొమ్మలు నిలిచియుండగా చెక్కిళ్ళును నుదురును కరగిపోవుచుండుట కనబడును. మిగిలినదంతయు రక్ష పొందినది, పోయినదంతయు పొందనిది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము నేనెరుగను.

పరిశోధనశాలలలోను ఇట్టి ఫలితమే వచ్చెను. 1960 దశకారంభమున అమెరికాలో భద్రపరచిన మైక్రోఫిల్ములపై ఎఱ్ఱని, పసుపుపచ్చని సూక్ష్మబిందువులు కనబడి కలవరము పుట్టించెను. అట్టపెట్టెలు పాతబడుచు వెలువరించు పెరాక్సైడులు అందుకొక ముఖ్యకారణమని తేలెను. దస్తావేజుల నకళ్ళకే ఈ గతి పట్టినప్పుడు ఫిల్మును టోను చేయు ఆలోచన బలపడుట సహజము. రోచెస్టరు నగరమున 1985లో ఏర్పడిన ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్‌వారు ఆ దశకము చివర, టోను చేసిన ఫిల్ములను పెరాక్సైడు ఆవిరిలో నుంచి పరీక్షించిరి. పలుచని సెలీనియము స్నానమువలన నమ్మదగిన రక్ష కలుగుట లేదనియు, గంధకపు జాతికి చెందిన పాలీసల్ఫైడు మెరుగనియు వారు తేల్చిరి.

అట్లని సెలీనియమును త్రోసివేయనక్కరలేదు. గాఢమైన ద్రావణములో చాలినంతసేపు ఉంచినచో లేతభాగములకును మార్పు ప్రాకును. అప్పుడు వన్నె స్పష్టముగా తిరుగును, దానిని అంగీకరింపవలెను. రంగు ఏమాత్రము మారరాదు, రక్ష మాత్రము పూర్తిగా కావలెననుట అవ్వా కావలెను బువ్వా కావలెననుట వంటిది. నాకు నచ్చిన మార్గము రెండింటిని జతపరచుట. మొదట సెలీనియముతో నలుపులను పట్టించి, పిదప పైన చెప్పిన ద్రావణముతో లేతభాగములను మాయము చేసి, సల్ఫైడు స్నానములో వాటిని మరల రప్పింపవలెను. కోటు చల్లని నలుపుగాను, ముఖము లేత గోధుమవన్నెగాను నిలుచును. మానవముఖమునకు ఆ వన్నె వెగటుగా నుండదు.

ఏ టోనింగునకైనను ముందు హైపో పని సంపూర్ణముగా జరిగియుండవలెను. లేనిచో మిగిలిన వెండి లవణములతో సెలీనియము కలసి తెల్లని అంచులపై పసుపు మరకలు కట్టును. ఈ దోషమునే పరీక్షగా వాడుకొందురు. తడిబొమ్మ అంచున తొమ్మిది పాళ్ళ నీటితో కలిపిన సెలీనియము ద్రావణమును ఒక బొట్టు వేసి, రెండు మూడు నిమిషములు ఆగి తుడిచినప్పుడు అచ్చట పసుపుజీర కనబడినచో హైపో చాలలేదన్నమాట. టోనింగు ద్రావణములోను హైపోజాతి లవణమే యున్నది గనుక తరువాత మరల కడుగుట తప్పదు. మందపు కాగితమైనచో సల్ఫైటు నీటిలో ముంచి తీసి, పారుచున్న నీటిలో గంటసేపుంచుట మంచిది.

సెలీనియము లవణములు విషపదార్థములు. చేతులకు రబ్బరు తొడుగులు, గదికి గాలి ధారాళముగా ఉండవలెను. వంటపాత్రలను, కొలతగరిటెలను ఈ పనికి తాకనీయరాదు. వాడిన ద్రావణమును పెరటిలోనో, నూతి గట్టుననో పారబోయుట పొరబాటు. వడపోసి సీసాలో దాచినచో అది చాలకాలము పనిచేయును. సత్తువ తగ్గినప్పుడు గాఢద్రావణము కొంచెము చేర్చుకొనవచ్చును. ఇక వద్దనుకొన్న నాడు పాడైన బొమ్మలను అందులో రోజులతరబడి నానవేసినచో సెలీనియములో చాలభాగము వాటి వెండిని పట్టి తేరును. మిగిలిన నీటిని రసాయన వ్యర్థములను తీసికొనువారికి అప్పగింపవలెను.

ఇది చదివి ఇంటిగోడపై నున్న ముత్తాతగారి పటమును విప్పి సెలీనియములో ముంచవలెనని ఎవరికైన తోచినచో, ఆ పని చేయరాదు. ఏబది అరువది యేండ్ల జిలాటిను తడిసినప్పుడు అట్టనుండి ఊడిపోవచ్చును. అట్టి బొమ్మకు నకలు తీయించి, మూలమును ఆమ్లము లేని కాగితములో చుట్టి పొడిచోట నుంచుటయే తగినది. రంగుల ఫొటోలకు ఈ విధానము బొత్తిగా పనికిరాదు. వాటిలో వెండి మిగిలియుండదు. తయారీ సమయముననే దానిని తీసివేయుదురు. కనబడునది రంగుల అద్దకము మాత్రమే.