ఒక్క బిస్కెట్టేగా అనుకుంటే...

గేటు చప్పుడైతే చాలు, తోకూపుకుంటూ ఎదురొచ్చే కుక్క నెలరోజులుగా ఓ మూల పడుకుంటోంది. ఓ పూట తింటే మరో పూట వాసన చూసి వెళ్లిపోతోంది. వారంలో మూడు నాలుగు రోజులు విరేచనాలే. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నులిపురుగుల మందు వేశారు, మెడికల్ షాపులో అడిగి మాత్రలూ మింగించారు. రెండ్రోజులు తగ్గినట్టే తగ్గి, మళ్లీ మొదటికే! 'ఏదో తినుంటుందిలే' అని సరిపెట్టుకునే సమస్య కాదిది. వాంతులు, విరేచనాలు మూడు వారాలు దాటినా తగ్గకపోతే అది పేగులు వాచే జబ్బు కావచ్చు. పశువైద్యులు దీన్ని ఐబీడీ అంటారు.

పేగుపైనే దాడి
తిన్న ఆహారాన్నీ, పేగుల్లో ఉండే కోట్లాది సూక్ష్మజీవుల్నీ రోగనిరోధక వ్యవస్థ మామూలుగా శత్రువుల్లా చూడదు. కొన్ని కుక్కల్లో ఆ ఓర్పు దెబ్బతింటుంది. దాంతో పేగు లోపలి పొర వాచిపోయి, తిన్నది ఒంటపట్టదు. బి12 విటమిన్ తగ్గుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా పడిపోతే పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. జర్మన్ షెపర్డ్ జాతికి ఈ ముప్పు ఎక్కువ.

మందు గిన్నెలోనే!
నులిపురుగులు, జియార్డియా, క్లోమగ్రంథి లోపం... వీటిలోనూ లక్షణాలు ఇలాగే ఉంటాయి. అందుకే ముందు మలం, రక్తం పరీక్షిస్తారు. అవేవీ కావని తేలితే తొలి చికిత్స ఆహారమే. ఇలా దీర్ఘకాలం బాధపడే కుక్కల్లో సగానికి పైగా తిండి మారిస్తేనే కోలుకుంటాయి. అదివరకెన్నడూ తినని రకం మాంసం గానీ, ప్రొటీన్లను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన 'హైడ్రొలైజ్డ్' ఆహారం గానీ పెట్టమంటారు. గుణం సాధారణంగా రెండు వారాల్లోనే తెలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే. తాతయ్య టీలో ముంచిన బిస్కెట్టు పెడతారు. పిల్లలు బల్లకింద చికెన్ ముక్క జారవిడుస్తారు. మిగిలిన పెరుగన్నం అమ్మ గిన్నెలో వేస్తుంది. అందరిదీ ప్రేమే, కానీ పథ్యం కాస్తా చెడుతుంది. అందుకే ఏం పెట్టాలో కాగితంమీద రాసి ఫ్రిజ్‌కి అతికించండి. ఇంటిల్లిపాదీ ఆ మాటమీదే ఉండాలి. వారానికోసారి బరువు చూసి రాసుకోండి.

తిండితో తగ్గకపోతే...
ఎండోస్కోపీతో పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు వాడాల్సి రావచ్చు. వాటివల్ల దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు. యాంటీబయోటిక్స్ సొంతంగా అసలే వాడొద్దు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. అవి నిజంగా అవసరమైన జబ్బులూ లేకపోలేదు. బాక్సర్ కుక్కల్లో వచ్చే ఒక రకం పెద్దపేగు వాపు ఏళ్లపాటు మొండిజబ్బుగానే మిగిలింది. పేగు గోడలో దూరి కూర్చున్న ఈ.కొలై బ్యాక్టీరియాని 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. ఎవరికి ఏ మందో తేల్చాల్సింది పరీక్షలే.

కొన్ని కుక్కలు ఏ మందుకీ లొంగవు. చాలావాటికి మాత్రం జబ్బు అదుపులోకి వస్తుంది, కాకపోతే జీవితాంతం పథ్యం తప్పకపోవచ్చు. మరి ముద్దొచ్చినప్పుడల్లా ఏం పెట్టాలంటారా? ఏమీ వద్దు. కాసేపు పక్కన కూర్చుని తల నిమరండి చాలు!