కంచుకోట తాళంచెవి

మన చిక్కడపల్లి, నారాయణగూడల నుంచి సంతోష్‌నగర్ వైపు వెళ్తే ‘ఐ.ఎస్. సదన్’ చౌరస్తా వస్తుంది. ఆ పొడి అక్షరాల అసలు పేరు ఇందిరా సేవాసదన్. దిక్కులేని ఆడపిల్లల కోసం సంగం లక్ష్మీబాయమ్మగారు పెట్టిన సంస్థ అది.

1911లో పుట్టిన ఈమె ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్ళారు. 1952లో బాన్సువాడ నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, విద్యాశాఖ ఉపమంత్రిగా కూడా పనిచేశారు. 1957లో వికారాబాదు నుంచి, 1962, 1967లలో మెదక్ నుంచి కాంగ్రెసు తరఫున వరసగా మూడుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. ఆడపిల్లకు చదువు, నిలువనీడ లేని స్త్రీకి ఆసరా – ఇవే ఆమె పట్టుదలలు.

ఎవరు నిలబడినా ఒకే పార్టీ గెలిచే నియోజకవర్గాన్ని కంచుకోట అంటాం కదా! మెదక్‌లో 1957 నుంచి మూడు ఎన్నికల్లోనూ కాంగ్రెసే గెలిచింది. అలాంటిచోట 1971లో తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. మళ్ళీ 1980లో ఇందిరాగాంధీగారిని అక్కడి ఓటర్లే గెలిపించారు. అంటే ఎంతటి కోటకైనా తాళంచెవి ఓటరు కొంగునే ఉంటుందన్నమాట.

సీటు చేతులు మారింది గాని, సదన్ పేరు ఊరి నోట నిలిచింది. అందుకే ఓటడగవచ్చిన వారిని ‘మీదే పార్టీ?’ అని ఊరుకోకుండా, ‘గెలిచిన అయిదేళ్ళలో ఆడవాళ్ళకోసం ఏం నిలబెట్టారు?’ అనీ అడుగుదాం.